తీగకో లెక్క... వేలికో లెక్క!

సినిమా హీరోగారికున్న సుఖం ఇంకెవరికీ లేదండీ! గిటారు భుజానికి తగిలించుకుని చెయ్యి ఒక్కసారి ఊపితే చాలు, పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా పాట దానంతటదే వచ్చేస్తుంది. తీగ తెగదు. వేలు కోసుకోదు. శ్రుతి తప్పదు. ఎందుకంటే అసలు గిటారు మోగేది రికార్డింగ్ థియేటర్లో కదా! 1973లో వచ్చిన ‘యాదోం కీ బారాత్’ సంగతే చూడండి. తెర మీద గిటారు జీనత్ అమన్ చేతిలో ఉంటే, ఆ పాటకి తెర వెనక కదిలిన వేళ్లు గాయకుడు భూపిందర్ సింగ్‌వి. అదే కథని మనవాళ్లు 1975లో ‘అన్నదమ్ముల అనుబంధం’గా తీశారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా, గిటారు పట్టిన హీరోని చూసి మనసు పారేసుకున్న కుర్రకారుకి లెక్క లేదు.

మరి వాళ్లకి ప్లేబ్యాక్ వేళ్లు ఎవరిస్తారు? సొంత వేళ్లే దిక్కు! అక్కడ మొదలవుతాయి తిప్పలు.

ఈ వారం ఈ శీర్షికకి మూడు ఊళ్ల నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడూ గిటారు గురించే. మూడింటిలోనూ ఆ గిటారు అటకెక్కేలాగే ఉంది! అందుకే ఈ వారం స్థలమంతా వాళ్లకే ఇచ్చేస్తున్నాను.

మొదటిది మదనపల్లె నుంచి. డిగ్రీ చదువుతున్న తమ్ముడు రాశాడు: “అన్నా, మా నాయన టమోటాలు అమ్మిన దుడ్డుతో గిటారు కొనిచ్చినాడు. నాలుగు నెలలుగా నేర్చుకుంటా ఉండాను. వేళ్లు బొబ్బలెక్కి మానినాయి గానీ ఎఫ్ కార్డు ఒక్కటి పడతా లేదు. తీగల ప్యాకెట్టు మీద 13 అని ఉంది. ‘దొరల వాయిద్యం మనకి రాదులేరా, అమ్మేద్దాం’ అంటాడు నాయన. అమ్మేసేదా?”

రెండోది పుంగనూరు నుంచి, చర్చిలో పాటలు పాడే అమ్మాయి: “మా చర్చిలో పాత గిటారు ఒకటి ఉంది. దానికి ప్లాస్టిక్కు మాదిరి తీగలుండేవి. అవి తెగిపోతే అంగట్లో ఇనుప తీగల సెట్టు ఇచ్చినారు, కట్టేసినాము. శబ్దం బ్రహ్మాండంగా వచ్చింది. ఇప్పుడు తీగలు కట్టిన కొయ్యపట్టీ పైకి లేస్తా ఉంది. దాని కింద పోస్టుకార్డు దూరతా ఉంది. క్రిస్మస్‌కి వాయించాల. ఏం చేసేది సార్?”

మూడోది కుప్పం నుంచి. ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించే తమ్ముడు: “ఒక దినం తెలుగు పెండ్లి, ఒక దినం తమిళ పెండ్లి, ఇంకో దినం కన్నడం. అన్ని పాటలూ వాయిస్తాను. కానీ నా మొదటి తీగ ప్రోగ్రాముకి ఒకటి తెగతా ఉంది. లావుది వెయ్యమంటారు. వేస్తే లీడు పలకదు. వచ్చే దుడ్డులో కొంత తీగలకే పోతా ఉంది అన్నా!”

ముగ్గురూ వేరు వేరుగా అడిగినా ప్రశ్న ఒక్కటే. నా గిటారుకి ఎంత లావు తీగ?

ప్యాకెట్టు మీది అంకె

తీగ లావుని గేజి అంటారు. ప్యాకెట్టు మీద 10 అని ఉంటే, అన్నిటికన్నా సన్నగా ఉండే మొదటి తీగ లావు అంగుళంలో వెయ్యింట పదో వంతు అన్నమాట. అంటే పావు మిల్లీమీటరు! 10–46 అని రాస్తే మొదటి తీగ 10, అన్నిటికన్నా లావుగా ఉండే ఆరో తీగ 46. ఇంతే లెక్క.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మదనపల్లెలో బోరు మోటార్ల రివైండింగ్ షాపుకి వెళ్లి చూడండి. అక్కడ 20 నంబరు తీగ లావు, 30 నంబరు తీగ సన్నం. నంబరు పెరిగితే తీగ సన్నబడుతుంది. సితారు తీగలకీ అదే పద్ధతి నడుస్తుంది. గిటారుకి మాత్రం తలకిందులు! నంబరు పెరిగితే తీగ లావవుతుంది. గిటారులో 12 అన్న తీగ రివైండింగ్ షాపు లెక్కలో దాదాపు 30 నంబరు. (అలాగని ఆ రాగి తీగ తెచ్చి గిటారుకి కట్టేరు సుమా!)

ఇంకో తిరకాసు మాటల్లో ఉంది. ‘లైట్’ అన్న ముక్క చూసి కొనకండి. అకూస్టిక్ గిటారు ప్యాకెట్టు మీద ‘లైట్’ అంటే మామూలుగా 12–53. ఎలక్ట్రిక్ ప్యాకెట్టు మీద అదే మాట ఉంటే మామూలుగా 10–46. పేరొకటే, మనుషులు వేరు... మన సినిమాల్లో ద్విపాత్రాభినయం లాగా! కాబట్టి అంగట్లో మాట అడగొద్దు, అంకె అడగండి.

అకూస్టిక్‌కి వాడుకలో ఉన్నవి 10, 11, 12, 13 సెట్లు. ఎలక్ట్రిక్‌కి ఎక్కువగా 9, 10, 11.

ఒక్క అంకె తేడాకి ఇంత హడావుడి ఎందుకంటారా? తీగ రెండింతలు లావైతే దాని బరువు నాలుగింతలవుతుంది. అదే శ్రుతి పలకాలంటే దాన్ని నాలుగింతల బలంతో లాగి కట్టాలి. 9 నుంచి 10కి మారితే పెరిగినట్టు కనిపించేది ఒక్క అంకె, పెరిగే బిగువు వందకి 23. మామూలు గిటారు మీద మొదటి తీగని సరైన శ్రుతికి బిగిస్తే 9 తీగ సుమారు 6 కిలోల బలంతో లాగుతుంది. 10 అయితే ఏడుంబావు పైన. 12 అయితే పదిన్నర. వేలి కొసకి ఇది చిన్న తేడా కాదు.

ఇక ఒక్కొక్కరికీ జవాబు.

మదనపల్లె తమ్ముడికి

గిటారు అమ్మొద్దు! నీ వేళ్లకి ఏ రోగమూ లేదు. 13 సెట్టు గిటారు మెడని సుమారు 85 కిలోల బలంతో లాగుతుంది. 12 సెట్టయితే 75 దాకా. 10 సెట్టయితే 60 దరిదాపు. అంటే 13 తీసి 10 వేస్తే, నీ గిటారు మీద నుంచి పాతిక కిలోల బియ్యం మూట దించినట్టే! 13 సెట్టు అనుభవం ఉన్నవాళ్లకి, గట్టిగా స్ట్రమ్మింగ్ చేసేవాళ్లకి పనికొస్తుంది. శబ్దం నిండుగా వస్తుంది, నిజమే. కానీ నాలుగు నెలల విద్యార్థికి ఆ నిండుదనం దేనికి? ముందు కార్డు పడాలి కదా.

అయితే తీగలు కొనేముందు ఒక పని చెయ్యి. స్కేలు తీసుకుని పన్నెండో ఫ్రెట్టు దగ్గర ఆరో తీగ ఎంత ఎత్తులో ఉందో కొలువు. రెండున్నర మిల్లీమీటర్లుంటే బాగున్నట్టు. మూడున్నర, నాలుగు ఉంటే తప్పు తీగ లావుది ఒక్కటే కాదు, ఎత్తుది కూడా. ఎత్తు తగ్గించకుండా సన్న తీగ వేస్తే సగం బాధే పోతుంది. బ్రిడ్జి మీద తెల్లటి పట్టీ ఉంటుంది చూడు, దాన్ని బయటికి తీసి అడుగు వైపు గరుకు కాగితం మీద సమంగా అరగదీస్తే తీగలు దిగుతాయి. పన్నెండో ఫ్రెట్టు దగ్గర ఒక మిల్లీమీటరు దిగాలంటే పట్టీ రెండు మిల్లీమీటర్లు అరగాలి. ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెం అరగదీసి చూసుకుంటూ పోవాలి. ఎక్కువ అరిగితే మళ్లీ పెంచలేం!

డబ్బు లేదంటావా? పైసా ఖర్చు లేని కిటుకు ఒకటుంది. ఆరు తీగల్నీ ఒక స్వరం మేర, అంటే రెండు ఫ్రెట్ల మేర, కిందికి శ్రుతి చెయ్యి. బిగువు వందకి ఇరవై పైన తగ్గిపోతుంది. నీ 13 సెట్టు చేతికి 11 సెట్టులా తగులుతుంది. స్నేహితుడి దగ్గర కేపో ఉంటే రెండో ఫ్రెట్టు మీద బిగించు. పాత శ్రుతి మళ్లీ వచ్చేస్తుంది, తీగలూ ఫ్రెట్లకి దగ్గరవుతాయి. ఒక నెల అలా సాధన చేసి, అప్పుడు 10 గానీ 11 గానీ కొనుక్కో. కొత్త సెట్టు వేశాక తీగలు గిరగిరమంటే కంగారు పడకు. లాగుడు తగ్గింది కాబట్టి మెడ కాస్త వెనక్కి పోయి ఉంటుంది. మెడ లోపల ఉండే ట్రస్ రాడ్డుని తెలిసినవాళ్ల చేత పావు తిప్పు తిప్పిస్తే సరిపోతుంది.

ఇక ‘దొరల వాయిద్యం’ అన్న నాయనగారికి ఒక ముక్క. అయ్యా, మీ ఊరికి ఈ సంగీతం కొత్తదేం కాదు! 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మీ మదనపల్లెలోనే, బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉండి ‘జనగణమన’ని ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ పాట బాణీని స్వరాలతో కాగితం మీద పెట్టింది, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్. పాశ్చాత్య సంగీతం చదువుకున్న ఐరిష్ వనిత! దేశమంతా లేచి నిలబడే పాటకి స్వరాలు కట్టిన ఊళ్లో కుర్రాడికి గిటారు రాదంటే ఎలా? ఇంకో ఆరు నెలలు గడువివ్వండి.

పుంగనూరు చెల్లెమ్మకి

ఈ వాక్యం చదవగానే వెళ్లి ఆ తీగలు వదులు చేసెయ్యమ్మా! రేపు కాదు, ఇప్పుడే.

మీ చర్చిలో ఉన్నది క్లాసికల్ గిటారు. నైలాన్ తీగలకని చేసింది. దాని తల భాగంలో గాళ్లు తెరిచి ఉంటాయి, తీగలు తెల్లటి గొట్టాలకి చుట్టుకుంటాయి. ఇటువైపు బ్రిడ్జి దగ్గర తీగల్ని ముడేసి కడతారు. మెడ వెడల్పుగా ఉంటుంది. ఈ గుర్తులున్న గిటారుకి ఇనుప తీగ కట్టకూడదు. ఇళయరాజా గారు లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షకి నేర్చుకున్నది ఈ క్లాసికల్ గిటారే. దాని గౌరవం దానికుంది.

ఎందుకు కట్టకూడదంటే, నైలాన్ సెట్టు మొత్తం లాగేది 38 నుంచి 40 కిలోల బలంతో. ఇనుప సెట్టు 12 అయితే 75 దగ్గర! దాదాపు రెండింతలు. ఆ గిటారు పైచెక్క పల్చన, లోపలి పట్టీలు సన్నం. చాలావాటికి మెడలో ఇనుప కడ్డీ కూడా ఉండదు. ఎద్దుకి కట్టాల్సిన బండిని మీ పుంగనూరు పొట్టి ఆవుకి కడితే ఏమవుతుంది? అదే అవుతోంది. శబ్దం బ్రహ్మాండంగా వచ్చిందన్నావు చూశావా, అది గిటారు పెట్టిన కేక తల్లీ!

భయపడకు, బ్రిడ్జి ఇంకా ఊడలేదు కాబట్టి బతికించుకోవచ్చు. తీగలన్నీ తీసేసి, వాయిద్యాలు బాగుచేసేవాళ్ల చేత పాత జిగురు గీకించి, మళ్లీ అతికించి, క్లాంపు బిగించి ఒక రోజు కదపకుండా ఉంచాలి. ఏ మేకో స్క్రూవో కొట్టించొద్దు. పైచెక్క చీలితే ఇక చేసేదేం లేదు. తరవాత నైలాన్ సెట్టు కొను. దానికి అంకె అడగనక్కర్లేదు. నైలాన్ తీగల్ని లావు బట్టి కాక బిగువు బట్టి అమ్ముతారు. ‘నార్మల్ టెన్షన్’ అని అడుగు, ‘హార్డ్’ వద్దు. ముడి వెయ్యడం కష్టమైతే కొసన బంతి ఉండే నైలాన్ తీగలు కూడా దొరుకుతాయి. కొత్త నైలాన్ కొన్నాళ్లు సాగుతూనే ఉంటుంది. అందుకని క్రిస్మస్‌కి వారం ముందే కట్టి, రోజూ శ్రుతి చేస్తూ ఉండండి. పండగనాడు గిటారు మాట వింటుంది.

శబ్దం చాలదంటావా? గిటారు ముందు ఒక మైకు పెట్టండి. ఇనుప తీగకన్నా మైకు మేలు.

కుప్పం తమ్ముడికి

మూడు రాష్ట్రాలు కలిసే ఊళ్లో మూడు భాషల పాటలూ వాయిస్తున్నావంటే ముందు నీకో శభాష్!

ఇప్పుడు తెగిన తీగని చేతిలోకి తీసుకో. ఎక్కడ తెగింది? ప్రతిసారీ బ్రిడ్జి దగ్గర ఒకే చోట తెగుతుంటే తప్పు తీగది కాదు. తీగ ఆనే లోహపు ముక్క మీద గరుకు ఏర్పడి ఉంటుంది. మెత్తటి గరుకు కాగితంతో ఆ అంచు నున్నగా చెయ్యి. సగం జబ్బు అక్కడే కుదరొచ్చు. అలా కాక పిక్కు తగిలే చోట తెగుతుంటే, తీగ పాతబడిందనో, నీ చెయ్యి బరువనో అర్థం.

నువ్వు వాడేది 9–42 అయ్యుంటుందని నా ఊహ. పెళ్లి పందిట్లో డప్పులకి, కీబోర్డుకి పోటీగా గట్టిగా కొట్టే చేతికి 9 నిలవదు. అలాగని ఒక్కసారిగా 11కి వెళ్లకు. లీడులో తీగని పక్కకి లాగి ఒక స్వరం పెంచాలంటే, ఉన్న బిగువు మీద వందకి 26 అదనంగా లాగాలి. అంటే ఆరు కిలోలున్న 9 తీగని ఏడున్నరకి లాగితే చాలు. దాదాపు తొమ్మిది కిలోలుండే 11 తీగని పదకొండు దాటించాలి. రాత్రంతా ప్రోగ్రామంటే తెల్లారేసరికి వేలు మిగలదు! అందుకే నీకు 10–46. అదీ బరువనిపిస్తే 9కీ 10కీ మధ్యన 9.5 సెట్లు కూడా వస్తున్నాయి. విడిగా మొదటి తీగలు నాలుగు కొని జేబులో పెట్టుకో. తీగ తెగినప్పుడల్లా సెట్టు మొత్తం కొననక్కర్లేదు. నీ గిటారు బ్రిడ్జి వెనక స్ప్రింగులుంటే, లావు తీగ వెయ్యగానే బ్రిడ్జి పైకి లేస్తుంది. స్ప్రింగుల్ని కాస్త బిగించుకోవాలి.

అమెరికన్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13 తీగలతో లీడు వాయించాడని ఎవరైనా నీతో అనొచ్చు. నిజమే. కానీ ఆయన తీగలన్నీ అర స్వరం కిందికి దించి కట్టేవాడు. అలా చేస్తే బిగువు వందకి 11 తగ్గుతుంది. పక్కన కీబోర్డు పెట్టుకుని, గాయకుడు అడిగిన శ్రుతికి క్షణంలో మారాల్సిన నీకు ఆ పద్ధతి కుదరదు. మరోవైపు బి.బి. కింగ్ అంతటివాడు మొదటి తీగ 10 తోనే లోకాన్ని ఏడిపించాడు!

ఒక హెచ్చరిక. తీగలు అయిపోయాయని అకూస్టిక్ కంచు తీగలు ఎలక్ట్రిక్‌కి వెయ్యకు. ఎలక్ట్రిక్ గిటారులో తీగ కదలికని పట్టేది అయస్కాంతం. కంచు చుట్టుని అది గుర్తించదు, లోపలి ఉక్కునే గుర్తిస్తుంది. లావు తీగలు నాలుగూ నీరసంగా పలుకుతాయి. పైగా ఎలక్ట్రిక్ సెట్టులో మూడో తీగ మామూలుగా చుట్టు లేని ఉత్త ఉక్కు. అకూస్టిక్ సెట్టులో మామూలుగా చుట్టు ఉంటుంది, లీడులో లాగితే ఓ పట్టాన లొంగదు.

సన్న తీగంటే చిన్నచూపా?

సన్న తీగ ఆడపిల్లలకి, లావు తీగ మగాళ్లకి అనే మాట గిటారు క్లాసుల్లో వినబడుతూ ఉంటుంది. వట్టి మాట! ఇంగ్లండులో బర్మింగ్‌హాం కుర్రాడు టోనీ అయోమీకి పదిహేడో ఏట ఫ్యాక్టరీ మిషనులో పడి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం మనిషి. తీగలు నొక్కాల్సిన కుడిచేతి వేళ్లే పోయాయి! గిటారు మానేశాడా? ప్లాస్టిక్ కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. అప్పట్లో అంత సన్నని గిటారు తీగలు బజారులో దొరక్క, బాంజో తీగలు తెచ్చి కట్టుకున్నాడు. తరవాత శ్రుతి కూడా దించాడు. 1970లో ఆయన బృందం ‘బ్లాక్ సబాత్’ మొదటి రికార్డు వచ్చింది. లోకంలో అంత బరువైన శబ్దం అంతకుముందు లేదని ఇవాళ్టికీ చెప్పుకుంటారు. ఆ బరువు వచ్చింది సన్న తీగల మీద నుంచే!

అంతదూరం ఎందుకు, మన పాలకొల్లు కుర్రాడు మాండొలిన్ శ్రీనివాస్ (1969–2014) ఏం చేశాడు? మాండొలిన్‌కి మామూలుగా జంటలు జంటలుగా ఎనిమిది తీగలు. జంట తీగల మీద కర్ణాటక సంగీతపు గమకం పలికించడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంటలు తీసేసి, ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసేనాటికి ఇంకా పసివాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. వాయిద్యం ఎలా ఉంటే అలా దానికి లొంగిపోకుండా, తన సంగీతానికి ఏ తీగ కావాలో తనే తేల్చుకున్నాడు.

అదండీ అసలు సంగతి! తీగ లావు పౌరుషం కాదు, చెప్పుల సైజు లాంటిది. అన్న చెప్పులు పెద్దవని తమ్ముడు వేసుకుని నడవలేడు కదా.

జేబులో పెట్టుకోవడానికి

కొత్తగా నేర్చుకునే అకూస్టిక్‌కి 10 లేదా 11. చెయ్యి కుదిరాక, గిటారు గట్టిదైతే 12. కొత్త ఎలక్ట్రిక్‌కి 9. ఆర్కెస్ట్రాలో గట్టిగా వాయించేవాళ్లకి 10. నైలాన్ గిటారుకి నైలానే. సెట్టు మార్చిన ప్రతిసారీ తీగల ఎత్తు చూసుకోవాలి. వాయించాక పొడిబట్టతో తీగలు తుడవాలి. చెమటకి తుప్పు పట్టినంత త్వరగా తీగ దేనికీ చెడదు. ప్యాకెట్టు అట్ట పారెయ్యకండి, గిటారు సంచిలోనే పెట్టుకోండి. బెంగుళూరు అంగట్లో కొన్నా, ఫోనులో ఆర్డరు పెట్టినా, ఆ అట్ట మీది అంకె చూపిస్తే మోసం ఉండదు.

మదనపల్లె తమ్ముడూ, ఎఫ్ కార్డు పడిన రోజున నాకో కార్డు ముక్క రాయి. ‘పడింది’ అన్న ఒక్క మాట చాలు. మీ నాయనగారు ఏమన్నారో కూడా రాయడం మరిచిపోకు!

మళ్లీ వారం కలుద్దాం.